వేసవి మట్టిపనిలో విశ్రాంతి: తెలుగునేల శ్రమచరిత్రలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

చెరువుల తవ్వకం, పూడికతీత, కాలువల మరమ్మతు వంటి మట్టిపనులు తెలుగునేలపై నీళ్ళు ఇంకిన వేసవిలోనే సాగుతాయి. శరీరాన్ని అత్యధికంగా అలయించే పని, అత్యధికంగా కాసే ఎండ ఒకే కాలంలో కలవడం వల్ల పనికీ విశ్రాంతికీ మధ్య సమతూకం ఇక్కడి శ్రమచరిత్రలో ప్రాణంతో ముడిపడిన విషయమైంది. పొద్దును బట్టి పనిచేసే ఆచారం, గుత్తపని, 1876-78 కరవు పనులు, ఫ్యాక్టరీ చట్టాలు, ఉపాధి హామీ పథకం, గల్ఫ్ దేశాల మధ్యాహ్న విరామ నియమాలు అనే ఆరు సందర్భాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విశ్రాంతి వేళను ఎవరు నిర్ణయించారు, ఆ విశ్రాంతి ఖరీదును ఎవరు భరించారు అనే రెండు ప్రశ్నలను విడివిడిగా అడిగినప్పుడే ఈ చరిత్ర స్పష్టపడుతుందని ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: మట్టిపని, వేసవి, విశ్రాంతి, గుత్త, రోజుకూలి, కరవు పనులు, ఉపాధి హామీ, వేసవి భత్యం, వడదెబ్బ.

1. ఉపోద్ఘాతం:

శ్రమచరిత్ర రచనలో పనిగంటలు, కూలిరేట్లు, సమ్మెలు ప్రధానాంశాలుగా నిలిచాయి. పని మధ్యలో వచ్చే విరామం మాత్రం చాలావరకు అప్రధానంగానే మిగిలింది. విరామం అంటే పని లేని సమయమని అనుకోవడం ఇందుకు ఒక కారణం. అయితే ఎండలో బరువు పని చేసే మనిషికి విరామం పనిలో భాగం. గడ్డపార ఎత్తడానికి ఎంత బలం కావాలో, దాన్ని దించి నీడకు చేరడానికి అంత అవకాశమూ కావాలి. ఆ అవకాశం లేనప్పుడు ఫలితం అలసటతో ఆగదు, వడదెబ్బ దాకా పోతుంది.

విశ్రాంతిని గురించిన ఆధారాలు తక్కువ. పని పూర్తయితే చెరువు మిగులుతుంది, ఆనకట్ట మిగులుతుంది, శాసనం మిగులుతుంది. విశ్రాంతికి అలాంటి గుర్తులు ఉండవు. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ళ చెరువు శాసనం ఇందుకు మంచి ఉదాహరణ. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన ఈ సంస్కృత శాసనం చెరువు నిర్మాణానికి కావలసిన పన్నెండు అంగాలను, తప్పించవలసిన ఆరు దోషాలను చెబుతుంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్ల చొప్పున రెండేళ్ళు పని జరిగిందని నమోదు చేస్తుంది. మధ్యయుగపు నీటిపారుదల చరిత్రకు ఇంత వివరమైన ఆధారం అరుదు. అయినా ఆ వెయ్యిమంది ఏ వేళకు పనిలోకి దిగారో, ఏ వేళకు నీడకు చేరారో అందులో లేదు. దాతకు శ్రామికుల సంఖ్య కీర్తి, వారి అలసట నమోదు చేయవలసిన విషయం కాదు. కాబట్టి విశ్రాంతి చరిత్రను భాషలోని వేళల పేర్లు, కూలి కట్టే పద్ధతులు, చట్టాల నిబంధనలు వంటి పక్క దారుల్లో వెతకవలసి ఉంటుంది.

2. మట్టిపనికి వేసవే కాలం:

వ్యవసాయ పంచాంగంలో వేసవి సాధారణంగా తీరిక కాలం. రబీ పంట ఇంటికి చేరిన తరువాత మృగశిర కార్తె వరకు సేద్యపు పని పలచబడుతుంది. మట్టిపని పంచాంగం దీనికి సరిగ్గా ఎదురుగా నడుస్తుంది. చెరువులో నీరు ఉండగా పూడిక తీయడం సాధ్యం కాదు. కాలువకు నీరు కట్టేసిన తరువాతే దాని అడుగు బాగుచేయగలరు. నదిలో వరద వచ్చేలోగా ఆనకట్ట పని ముగించాలి. అందువల్ల చైత్రం నుంచి జ్యేష్ఠం దాకా సాగే కాలం రైతుకు తీరిక అయితే, మట్టి మోసేవారికి అదే పని కాలం. చాలా సందర్భాల్లో ఈ ఇద్దరూ ఒకే మనిషి కావడం గమనార్హం. పొలంలో పని లేని చిన్నరైతు, వ్యవసాయ కూలీ వేసవిలో మట్టిపనికి వెళ్ళేవారు.

ధవళేశ్వరం ఆనకట్ట ఈ నియమానికి పెద్ద ఉదాహరణ. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఈ నిర్మాణంలో నదీగర్భంలోని పని గోదావరి తగ్గిన నెలల్లోనే సాగింది. తొలి వరద వచ్చేసరికి అప్పటివరకు కట్టింది నిలదొక్కుకోవాలి. అంటే ఎండలు ముదిరేకొద్దీ పని తగ్గవలసింది పోయి, వరద గడువు దగ్గరపడేకొద్దీ పని తొందర పెరిగింది. ఎండ ఒకవైపు, వరద మరొకవైపు పనివారిని నొక్కిపట్టాయి. ఇంజనీర్ల ఘనత గురించి, సహాయకుడైన వీణెం వీరన్న సేవల గురించి గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. రాయి కొట్టి, మోసిన వేలమంది ఎండపూట ఎలా గడిపారన్నది ఆ జ్ఞాపకంలో భాగం కాలేదు.

చిన్న చెరువుల, కాలువల నిర్వహణకు ఊరివారు ఇవ్వవలసిన ఆచారశ్రమను కుడిమరామత్తు అనేవారు. దీనికి వలసపాలకులు 1858 నాటి మద్రాసు నిర్బంధ శ్రమ చట్టంతో చట్టబలం కల్పించారు. ఆచారంగా ఉన్నప్పుడు ఊరి పెద్దలు, రైతులు తమలో తాము కుదుర్చుకున్న పనివేళలు చట్టం కిందికి వచ్చేసరికి అధికారి ఆజ్ఞకు లోబడే స్థితికి చేరాయి.

3. పొద్దును బట్టి పని - వేళల పేర్లు చెప్పే సాక్ష్యం:

గడియారం రాకముందు పనివేళలను సూచించిన తెలుగు మాటలను పరిశీలిస్తే అందులో ఒక క్రమం కనిపిస్తుంది. తొలికోడి కూత, పొద్దుపొడుపు, బారెడు పొద్దు, అంబటివేళ, నడిపొద్దు, పొద్దు వాలడం, పశువులు ఇల్లు చేరే వేళ అనేవి కేవలం కాలసూచికలు కావు. ఏ పని మొదలుపెట్టాలో, ఏది ఆపాలో చెప్పే గుర్తులు కూడా. వీటిలో అంబటివేళ ప్రత్యేకంగా గమనించదగినది. పొద్దు కొంత ఎక్కిన తరువాత అంబలి తాగే సమయం కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆహారం పేరే కాలానికి పేరైందంటే ఆ సమయంలో పని ఆగడం ఎంత స్థిరపడిన ఆచారమో తెలుస్తుంది. రాగి అంబలి, గంజి, ఉప్పు కలిపిన మజ్జిగ, చద్దన్నం వంటివి ఆకలిని తీర్చడంతో పాటు చెమట రూపంలో పోయిన నీటిని, ఉప్పును తిరిగి అందించేవి.

దుక్కిలో విశ్రాంతి వేళను నిర్ణయించినది చాలావరకు ఎద్దు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎద్దులు పని చేయలేవు, బలవంతం చేస్తే పడిపోతాయి. రైతుకు అది ఆస్తి నష్టం. అందుకే పొద్దు ముదరకముందే కాడి విప్పేవారు. కాడి విప్పితే అరక తోలే జీతగాడికి కూడా ఆ పనిలో విరామం దొరికేది. పశువు ప్రాణానికి ఉన్న ఖరీదు ఆ విధంగా మనిషికి పరోక్షంగా రక్షణ ఇచ్చింది. తట్ట, పారలతో సాగే మట్టిపనిలో ఎద్దు లేదు. అక్కడ ఆగవలసిన హద్దును మనిషి తన శరీరంతోనే గుర్తించాలి, లేదా పని చేయించేవారు గుర్తించాలి. మట్టిపనిలో విశ్రాంతి సమస్య సేద్యంలో కంటే తీవ్రం కావడానికి ఇది ముఖ్య కారణం.

పని ఆపడం ఒక్కటే విశ్రాంతి పద్ధతి కాదు, పనిని మార్చడం మరొకటి. తెలంగాణ అటవీ ప్రాంతాల్లో ఏప్రిల్, మే నెలల్లో జరిగే తునికాకు సేకరణ ఇందుకు నిదర్శనం. తెల్లవారకముందే అడవికి వెళ్ళి ఆకు కోసి, ఎండ ముదిరేసరికి ఇల్లు చేరి, మధ్యాహ్నం నీడలో కూర్చుని ఏభై ఆకుల చొప్పున కట్టలు కడతారు. నడక, కోత, మోత వంటి బరువు పనులు చల్లపూటకు, చేతివేళ్ళ పని ఎండపూటకు పంచిన ఈ అమరిక వేసవి శ్రమకు సంబంధించిన ప్రజల తెలివిడిని చూపుతుంది.

4. ఎండలో శరీరం - శాస్త్రం ఇచ్చిన కొలత:

ఈ ఆచారాల వెనుక ఉన్న శరీరధర్మాన్ని ఇరవయ్యో శతాబ్దపు శాస్త్రం అంకెల్లో చెప్పింది. కండరాలు ఖర్చు చేసే శక్తిలో నాలుగోవంతుకు మించి పనిగా మారదు. మిగిలినదంతా వేడే. మట్టి తవ్వడం వంటి బరువు పనిలో గంటకు 350 నుంచి 500 కిలోకాలరీలు ఖర్చవుతాయి. ఆ వేడి బయటికి పోవడానికి ఎండాకాలంలో మిగిలే ప్రధాన మార్గం చెమట ఆరడం. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 580 కిలోకాలరీల వేడి పోతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుంది గానీ ఆరదు. అప్పుడు శరీరం లోపలి వేడి పెరుగుతూ పోతుంది. పని ఆపి నీడకు చేరడం ఒక్కటే దానికి విరుగుడు. ఎండలోనే కూర్చుని తీసుకునే విరామం సగం విరామమే.

1950లలో అమెరికా మెరైన్ దళాల శిక్షణ శిబిరాల్లో వడదెబ్బకు గురైనవారి సంఖ్య పెరగడంతో యాగ్లో, మినార్డ్ అనే పరిశోధకులు 1957లో ‘వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్’ అనే సూచికను ప్రచురించారు. ఆరుబయట దీన్ని లెక్కించడానికి తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం చూపే అంకెలో 70 శాతం, ఎండను పీల్చే నల్లగోళంలోని ఉష్ణమాపకం చూపే అంకెలో 20 శాతం, మామూలు గాలి ఉష్ణోగ్రతలో 10 శాతం కలుపుతారు. తేమకే ఇందులో పెద్దపీట. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుంటే దీని ప్రాధాన్యం బోధపడుతుంది. కోస్తాలో గాలి ఉష్ణోగ్రత 38, తడి ఉష్ణమాపకం 28, నల్లగోళం 48 డిగ్రీలు చూపితే సూచిక 33.0 అవుతుంది. రాయలసీమలో ఇవే 42, 23, 52 డిగ్రీలుగా ఉంటే సూచిక 30.7 మాత్రమే. వార్తల్లో 42 డిగ్రీల ఊరు ఎక్కువ ప్రమాదకరంగా కనిపించినా, పనిచేసే శరీరానికి 38 డిగ్రీల ఊరే ఎక్కువ ప్రమాదకరం కావచ్చు.

ఈ సూచిక ఆధారంగా పనికీ విశ్రాంతికీ నిష్పత్తులు ఏర్పడ్డాయి. విస్తృతంగా వాడుకలోకి వచ్చిన ఒక పట్టిక ప్రకారం ఎండకు అలవాటుపడినవారు బరువు పనిని సూచిక 25.9 దగ్గర గంటలో 45 నిమిషాలు, 27.9 దగ్గర 30 నిమిషాలు, 30.0 దగ్గర 15 నిమిషాలు మాత్రమే చేయాలి. పైన చెప్పిన రెండు ఊళ్ళూ ఈ చివరి హద్దును దాటినవే. అంటే నడిపొద్దున బరువు పని పనికిరాదని పట్టిక చెబుతోంది. కాడి విప్పే ఆచారం చెప్పినదీ అదే. 1982లో ఈ సూచిక ఐఎస్ఓ 7243 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది.

శాస్త్రం గుర్తించిన మరో అంశం అలవాటుపడటం. ఎండలో పనికి శరీరం సర్దుకోవడానికి సుమారు ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ మొదటి రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. పని కొత్తగా మొదలుపెట్టినవారికి, జబ్బుపడి లేచినవారికి, ఆకలితో ఉన్నవారికి ఈ పట్టికలోని నిష్పత్తులు సరిపోవు.

5. గుత్త, రోజుకూలి - రెండు కూలిపద్ధతులు, రెండు రకాల విశ్రాంతి:

మట్టిపనికి కూలి కట్టే పద్ధతులు ప్రధానంగా రెండు. మొదటిది రోజుకూలి. ఇందులో కూలి రోజుకు ఖాయం, కానీ ఎప్పుడు దిగాలో ఎప్పుడు ఆగాలో మేస్త్రీ చెబుతాడు. రెండవది గుత్త. ఇందులో తవ్విన మట్టి కొలతను బట్టి కూలి వస్తుంది, వేళలు పనివారి ఇష్టం. తవ్విన లోతు తెలియడానికి గుంత మధ్యలో తవ్వకుండా వదిలే మట్టి దిమ్మె ఈ పద్ధతికి గుర్తు.

చెరువులు, బావులు, రోడ్ల పనుల్లో తరతరాలుగా నైపుణ్యం సంపాదించిన వడ్డెరల గురించి ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో కొంత వివరం ఉంది. వారు బృందాలుగా గుత్తకు పని ఒప్పుకొనేవారని, మగవారు తవ్వితే ఆడవారు తట్టలతో మోసేవారని, పసిపిల్లలను చెట్టుకొమ్మలకు కట్టిన గుడ్డ ఉయ్యాలల్లో ఉంచేవారని అందులో ఉంది. పనిస్థలంలో నీడ ఉన్న చెట్టు ఒక అవసరమైన పరికరమని ఈ చిన్న వివరం తెలియజేస్తుంది.

రోజుకూలిలో విశ్రాంతి ఖరీదు పని చేయించేవారిది, వేళపై అధికారమూ వారిదే. గుత్తలో వేళపై అధికారం పనివారిది, ఖరీదు కూడా వారిదే. గుత్తపనివారు చల్లపూట పని చేసి ఎండపూట ఆగగలరు. కానీ ఆగిన ప్రతి గడియా వారి కూలిలోంచి తగ్గుతుంది. దీని పర్యవసానం ఇటుక బట్టీల్లో స్పష్టంగా కనిపిస్తుంది. పశ్చిమ ఒడిశా నుంచి తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల బట్టీలకు వలసవచ్చే కుటుంబాలకు వెయ్యి ఇటుకల లెక్కన కూలి కడతారు. ఎండను తప్పించుకోవడానికి వారు అర్ధరాత్రి దాటాక మట్టి కలిపి ఇటుకలు కోస్తారు. అక్కడ ఎండ నుంచి రక్షణ దొరికింది గానీ దానికి బదులు నిద్ర పోయింది. వేళ మార్చుకునే స్వేచ్ఛ ఒక్కటే విశ్రాంతి కాజాలదని ఈ ఉదాహరణ చెబుతుంది.

6. 1876-78 కరవు పనులు - కూలికి, శక్తికి మధ్య అంతరం:

పై రెండు పద్ధతుల్లోనూ పనివారికి ఎంతో కొంత బేరమాడే వీలుంది. కరవు కాలంలో ఆ వీలు పూర్తిగా పోయింది. 1876లో వానలు విఫలమై మద్రాసు ప్రెసిడెన్సీలో మహాకరవు ఏర్పడినప్పుడు కర్నూలు, కడప, బళ్ళారి, నెల్లూరు జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. ప్రభుత్వం సహాయక పనులు తెరిచింది. బకింగ్‌హాం కాలువలో కొన్ని భాగాలు 1877-78లో ఈ పనుల కిందే తవ్వించారు.

1877 ఆరంభంలో భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించే ఉద్దేశంతో పెద్ద మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం ఖరీదు, దానిపై కొద్దిపాటి నగదు కూలిగా నిర్ణయించాడు. అంతకుముందు మద్రాసులో అమలులో ఉన్న రేటు కంటే ఇది తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ దీన్ని తీవ్రంగా వ్యతిరేకించాడు. పని చేసే మనిషి ప్రాణం నిలవడానికి ఇది చాలదని ఆయన వాదించాడు. కొన్ని నెలల తరువాత మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది.

నేటి శరీరధర్మ జ్ఞానంతో చూస్తే కార్నిష్ వాదానికి బలం తెలుస్తుంది. ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం ఇచ్చే శక్తి దాదాపు 1,600 కిలోకాలరీలు. గంటకు 400 కిలోకాలరీలు ఖర్చయ్యే తవ్వకం నాలుగు గంటలు చేస్తే అదంతా అయిపోతుంది. ఊపిరి పీల్చడానికి, గుండె కొట్టుకోవడానికి, మిగతా ఇరవై గంటలు బతకడానికి మిగిలేది ఆ కొద్దిపాటి నగదుతో కొనుక్కోగలిగినదే. అటువంటి శరీరానికి మధ్యాహ్న విరామం ఇచ్చినా అది కోలుకోలేదు. తిండి లేని విశ్రాంతి శక్తిని తిరిగి ఇవ్వలేదు.

ఈ అనుభవం తరువాత 1880లో నివేదిక సమర్పించిన కరవు కమిషన్ సహాయక పనుల్లో కూలి ఆరోగ్యాన్ని నిలిపేంత ఉండాలని, పని మనిషి శక్తికి మించకూడదని సూత్రీకరించింది. 1883 నుంచి కరవు నియమావళులు రూపొందాయి. పని కొలతను మనిషి బలానికి తగినట్టు నిర్ణయించాలన్న సూత్రం పాలనాభాషలోకి వచ్చింది. కొలతను ఎండకు తగినట్టు తగ్గించాలన్న ఆలోచనకు మాత్రం ఇంకా చాలా కాలం పట్టింది.

7. గోడల లోపలి విరామం:

అదే కాలంలో ఫ్యాక్టరీలకు చట్టాలు వచ్చాయి. 1881 చట్టం పిల్లలకు విరామం కల్పించగా, 1891 చట్టం మధ్యాహ్నం 12 నుంచి 2 గంటల మధ్య అరగంట పని ఆపాలని నిర్దేశించింది. స్వాతంత్ర్యానంతరం వచ్చిన 1948 చట్టం ఐదు గంటలకు మించి ఎడతెగకుండా పని చేయించరాదని, కనీసం అరగంట విరామం ఇవ్వాలని చెప్పింది. పనిగదిలో గాలి, ఉష్ణోగ్రత తగినట్టు ఉండాలన్న నిబంధన కూడా చేర్చింది.

ఇవి ముఖ్యమైన విజయాలు. అయితే ఈ చట్టాల దృష్టిలో పనిస్థలం అంటే గోడలు, పైకప్పు ఉన్న చోటు. సూర్యుడు నేరుగా తాకే చెరువుగర్భం, కాలువగట్టు, రోడ్డు వాటి పరిధిలో లేవు. పైగా ఐదు గంటల తరువాత అరగంట అనే నియమం ఏడాది పొడవునా ఒకటే. జనవరికీ మే నెలకూ భేదం లేదు. గడియారం ప్రకారం ఇచ్చే విరామం పొద్దు ప్రకారం ఇచ్చే విరామానికి సమానం కాదన్నది ఇక్కడ గుర్తించవలసిన విషయం.

8. ఉపాధి హామీ - కొలతకు వేసవి సవరణ:

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. దాని అమలు 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. పనిస్థలంలో తాగునీరు, పిల్లలకు నీడ, విశ్రాంతి వేళలు, ప్రథమచికిత్స పెట్టె ఉండాలని చట్టం షెడ్యూలు పేర్కొంది. వడ్డెర తల్లులు చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాల నూరేళ్ళ తరువాత చట్టంలో ఒక హక్కుగా నమోదైంది.

పథకంలో కూలి ప్రధానంగా కొలతను బట్టి కట్టేవారు. అంటే ఇది ప్రభుత్వం ఇచ్చే గుత్త వంటిది. వాతావరణం, నేల స్వభావం లెక్కలోకి తీసుకొని పని-కాల అధ్యయనాలు చేసి రేట్లు నిర్ణయించాలని షెడ్యూలు చెప్పింది. ఒక గంట విశ్రాంతితో కలిపి ఎనిమిది గంటలు పనిచేసినవారికి పూర్తి కూలి అందేలా రేట్లు ఉండాలన్నది నియమం. ఈ వెసులుబాటుతోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేసవి భత్యం అమలులోకి వచ్చింది. కొలతపై వచ్చే కూలికి ఫిబ్రవరిలో 20, మార్చిలో 25, ఏప్రిల్, మే నెలల్లో 30, జూన్‌లో 20 శాతం అదనంగా లెక్క కట్టేవారు.

ఈ శాతాల అర్థాన్ని కాలంలోకి మార్చి చూడటం అవసరం. 30 శాతం అదనంతో వంద రూపాయల కూలి రావడానికి సుమారు 77 రూపాయల కొలత పని చాలు. ఏడు గంటల పనిలో ఇది సుమారు గంటన్నర విశ్రాంతికి సమానం. నాలుగో విభాగంలో చెప్పిన పట్టికలో 45 నిమిషాల పని, 15 నిమిషాల విశ్రాంతి అనే మొదటి మెట్టుకు ఈ నిష్పత్తి దగ్గరగా ఉంది. మే నెల మధ్యాహ్నానికి ఇది చాలదు. తెల్లవారి ఆరింటికి దిగి పదకొండుకల్లా ముగించే పనికి మాత్రం అర్థవంతమైన సవరణే. ఈ వ్యాసం పరిశీలించిన ఏర్పాట్లలో వేళను పనివారి చేతికి ఇస్తూనే విశ్రాంతి ఖరీదును పని ఇచ్చేవారు భరించడం స్పష్టంగా కనిపించేది ఇక్కడే.

2021లో ప్రవేశపెట్టి, 2023 జనవరి 1 నుంచి అన్ని పనిస్థలాల్లో తప్పనిసరి చేసిన మొబైల్ హాజరు విధానం ఈ సమతూకాన్ని కదిలించింది. రోజుకు రెండుసార్లు పనివారి ఫోటో తీసి నమోదు చేయాలన్నది దాని నియమం. దొంగ హాజరును అరికట్టడం ఉద్దేశమైనా, ఉదయమే కొలత ముగించినవారు రెండో ఫోటో కోసం నిలిచిపోవలసి రావడం, లేదా ఎండలో తిరిగి రావలసి రావడం కూలీల ప్రధాన ఫిర్యాదులలో ఒకటైంది. కొలతకు కూలి కడుతూ గంటలకు హాజరు అడగడం అంటే గుత్త, రోజుకూలి పద్ధతుల్లోని భారాలను రెంటినీ పనివారిపైనే మోపడం.

ఇది కేవలం పాలనావివాదం కాదు. 2015 మే నెల వడగాడ్పుల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో కలిపి పదిహేను వందలకు పైగా మరణాలు నమోదయ్యాయి. ఆ తరువాత రెండు రాష్ట్రాలూ వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళికలు రూపొందించుకున్నాయి. మధ్యాహ్నం బయటికి రావద్దన్న హెచ్చరిక వాటిలో ముఖ్యాంశం. రోజు గడవడానికి ఎండలోకి వెళ్ళక తప్పనివారికి ఆ హెచ్చరిక ఒక సలహా మాత్రమే. కూలి కోల్పోకుండా ఆగగలిగినప్పుడే అది రక్షణ అవుతుంది.

9. వలస వెళ్ళిన శ్రమ - గల్ఫ్‌లో మధ్యాహ్న విరామం:

స్వస్థలంలో వేసవి పని చాలనివారు ఇంకా వేడిగల నేలకు వలస వెళ్ళడం గత నాలుగైదు దశాబ్దాల తెలుగు శ్రమచరిత్రలో ఒక ముఖ్య ఘట్టం. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారిలో భవననిర్మాణ కూలీలు గణనీయంగా ఉన్నారు. అక్కడ విశ్రాంతి ఆచారంగా కాక ప్రభుత్వ నిషేధంగా ఎదురైంది. ఖతర్‌లో 2007 నాటి మంత్రిత్వ నిర్ణయం జూన్ 15 నుంచి ఆగస్టు 31 వరకు ఉదయం 11.30 నుంచి మధ్యాహ్నం 3 గంటల దాకా ఆరుబయట పనిని నిషేధించింది. 2021లో దీన్ని జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా విస్తరించారు. వెట్ బల్బ్ గ్లోబ్ సూచిక 32.1 దాటితే వేళతో నిమిత్తం లేకుండా పని ఆపాలని కూడా చేర్చారు.

ఈ నియమంలో గడియారం, ఉష్ణమాపకం రెండూ చోటు చేసుకోవడం విశేషం. అయితే సమతూకం కోణం నుంచి రెండు పరిమితులున్నాయి. మధ్యాహ్నం ఆగిన గంటలను తెల్లవారుజామునకో, రాత్రికో జరిపితే మొత్తం శ్రమ తగ్గదు, నిద్ర తగ్గుతుంది. ఇటుక బట్టీల ఉదాహరణ ఇక్కడ మళ్ళీ గుర్తుకు వస్తుంది. రెండవది, అప్పు చేసి కొత్తగా దిగిన కూలీ శరీరం అక్కడి ఎండకు అలవాటుపడేలోగానే పూర్తి పనికి దిగవలసి వస్తే మధ్యాహ్న నిషేధం ఒక్కటే అతణ్ణి కాపాడలేదు.

10. ఉపసంహారం:

పై పరిశీలన నుంచి తేలే అంశాలు ఇవి.

- తెలుగునేలపై బరువైన మట్టిపని, తీవ్రమైన ఎండ ఒకే కాలంలో కలవడం యాదృచ్ఛికం కాదు. నీటివనరుల స్వభావమే అందుకు కారణం. కాబట్టి వేసవి శ్రమను మినహాయింపుగా కాక నియమంగానే చూడాలి.

- వేళల పేర్లు, కాడి విప్పే ఆచారం, తునికాకు పని అమరిక వంటివి సమతూకం గురించిన అనుభవజ్ఞానానికి ఆధారాలు. నడిపొద్దు విషయంలో ఆధునిక శాస్త్రం ఈ జ్ఞానాన్ని బలపరిచింది. తేమ, పనికి అలవాటుపడే కాలం విషయాల్లో దానికి కొత్త కొలతలు చేర్చింది.

- రోజుకూలి, గుత్త, కరవు పని, ఫ్యాక్టరీ, ఉపాధి హామీ, గల్ఫ్ నిషేధం అనే వాటిలో ప్రతి ఒక్కటీ వేళ, ఖరీదు అనే రెండు ప్రశ్నలకు వేర్వేరు జవాబులు చెప్పింది. వేళ ఇచ్చి ఖరీదు ఇవ్వని చోట పనివారు విశ్రాంతిని తామే వదులుకున్నారు. రెండూ లేని 1877లో ఆకలి, ఎండ కలిసి మనిషిని కూల్చాయి.

- వేసవి భత్యం శాతంలో చిన్నదైనా భావనలో పెద్దది. విశ్రాంతిని దయగా గానీ సోమరితనంగా గానీ కాక కూలి లెక్కలో ఒక అంకెగా అది గుర్తించింది.

2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ వంటి కార్యక్రమాల్లో పూడిక ఎత్తే పని చాలావరకు యంత్రాల చేతికి వెళ్ళింది. కానీ రోడ్డు మీద, కట్టడాల మీద, బట్టీల్లో, పొలాల్లో మనిషి ఎండలోనే ఉన్నాడు. పోరుమామిళ్ళ శాసనం వెయ్యిమంది పనివారిని లెక్కపెట్టి, వారి విశ్రాంతిని వదిలేసింది. నేటి కొలతల పుస్తకం, మొబైల్ హాజరు కూడా తవ్విన మట్టిని, వచ్చిన మనిషిని నమోదు చేస్తున్నాయి గానీ విశ్రాంతికి ఒక గడి కేటాయించలేదు. ఆ గడిని చేర్చవలసిన బాధ్యత పాలనది. శాసనాల నుంచి మస్టరు పట్టికల దాకా ఆ ఖాళీని చదవవలసిన బాధ్యత శ్రమచరిత్ర పరిశోధకులది.